తీర్మానించడమైనది



గత వేసవిలో ఒక వివాహము నిమిత్తము మేము హైదరాబాదు వెళ్లవలసి వచ్చినది. మా సంఘములో పెరిగిన కుర్రవాడొకడు అక్కడ మాదాపూరులో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. "అయ్యగారూ, ఇంతదూరము వచ్చి మా గదికి రాకుండా పోతే నాన్న నన్ను కోప్పడతాడు" అని ఫోను చేశాడు. సరేనని వెళ్లాము. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా బండరాళ్లు, పొదలు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన తరువాత ఆ రాళ్ల స్థానములో అద్దాల మేడలు లేచినవి. మన పల్లెల పిల్లలు ఎందరో ఆ మేడల చుట్టు ఉన్న హాస్టళ్లలో ముగ్గురు నలుగురు ఒక గదిలో ఉంటున్నారు.

ఆ రాత్రి అతనికి సెలవు. భోజనమైన తరువాత ల్యాప్‌టాప్ తెరచి ఏదో శ్రద్ధగా వ్రాసుకుంటున్నాడు. ఆఫీసు పనేమోనని మేము పలకరించలేదు. కొంతసేపటికి అతడే నవ్వుతూ, "అయ్యగారూ, నాకొక దేశమున్నది, చూస్తారా?" అన్నాడు.

అది నేషన్‌స్టేట్స్ అను ఆట. ఆస్ట్రేలియా దేశపు రచయిత మాక్స్ బ్యారీ 2002 నవంబరులో దానిని మొదలుపెట్టాడు. కార్లు నడుపుట, తుపాకులు పేల్చుట అందులో లేవు. ఒక్కొక్క ఆటగాడు ఒక ఊహాదేశమును స్థాపించి, దానికి పేరు, జెండా, డబ్బు, జాతీయ జంతువు ఏర్పరచుకుంటాడు. తరువాత ఆ దేశమునకు దినదినము ఏదో ఒక చిక్కు వస్తుంది. దానిని తీర్చుటకు కొన్ని మార్గములు చూపుతారు. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. పన్ను పెంచితే ఒకరికి కోపము, తగ్గిస్తే ఇంకొకరికి నష్టము. మన ఎంపికలను బట్టి ఆ దేశము బాగుపడుతుంది, లేదా చెడుతుంది.

ఈ ఊహాదేశములకు ఒక ప్రపంచ సభ కూడ ఉన్నది. మొదట దానికి ఐక్యరాజ్యసమితి అనియే పేరు. మా పేరు, మా చిహ్నము వాడరాదని అసలు ఐక్యరాజ్యసమితి నుండి 2008లో ఉత్తరము వచ్చినందున, ఆ యేడే దానిని ప్రపంచ సభ అని మార్చారు. అంతవరకు ఐదేండ్లుగా చేసిన తీర్మానములన్నిటిని ప్రక్కనబెట్టి, మరల మొదటి నంబరు నుండి లెక్క ప్రారంభించారు.

ఆ సభలో చేరుమని ఎవరికిని బలవంతము లేదు. ఒక మనిషికి ఎన్ని దేశములున్నను సభలో ఒక్క దేశమునకే చోటు. తీర్మానము ప్రతిపాదించవలెనంటే ముందు ఇద్దరు సభ్యుల మద్దతుండాలి. తరువాత ప్రాంతీయ ప్రతినిధులలో నూటికి ఆరుగురు ఒప్పుకుంటేనే అది ఓటింగునకు వస్తుంది. నాలుగు దినములు ఓటింగు జరుగుతుంది. నెగ్గిన తీర్మానములో ఒక్క అక్షరము దిద్దుటకు వీలులేదు. తప్పున్నదని తోస్తే దానిని రద్దు చేయుటకు మరొక తీర్మానము తేవలసిందే. అందుచేత ఆటగాళ్లు ప్రతి మాటను త్రాసులో పెట్టి తూచినట్లు తూచి వ్రాస్తారు. ఒక పదముపై గంటల తరబడి వాదించుకుంటారు. ఓడినవారు సభలో ఉండి మరల ప్రయత్నించవచ్చును, లేక రాజీనామా చేసి వెళ్లవచ్చును. పిల్లల ఆట అని తేలికగా చూడబోయిన మాకు కొంచెము సిగ్గు వేసినది. ఇంత ఓపికతో మాట్లాడుకొను సభలు మన ఊళ్లలో ఎన్ని ఉన్నవి?

ఆ రాత్రి అతడు వ్రాస్తున్నది రాత్రివేళ పనిచేయు వారికి విశ్రాంతి కావాలను ప్రతిపాదన. తన సొంత కష్టములో నుండి పుట్టిన మాట. మొదటిసారి ప్రతినిధుల ఆమోదము చాలక పడిపోయినదట. మరల దిద్ది వ్రాస్తున్నాడు.

"ఇది నెగ్గితే ఏమవుతుంది బాబూ?" అని అడిగాము.

"వెంటనే సభ్యదేశములన్నిటికి టెలిగ్రాము అందుతుంది అయ్యగారూ. మీ దేశపు చట్టములు ఈ తీర్మానమునకు సరిపడునట్లు మార్చబడినవి అని. అక్కడితో అయిపోయినట్లే."

"మరి అమలుచేయువారెవరు?"

"ఎవరూ చేయనక్కరలేదు. కంప్యూటరే మార్చేస్తుంది."

మేము నవ్వాము. అతడు మాత్రము నవ్వలేదు. కొంచెముసేపు ఊరుకొని, "అయ్యగారూ, మన సంఘములో కూడ ఒక తీర్మానము చేశారు కదా, మా వీధి చివరి అత్త కూతురి చదువుకు. నేను ఇంటర్ చదివేటప్పుడు మీరే గుడిలో చదివి వినిపించారు. అది ఏమైంది?" అని అడిగాడు.

మా నోట జవాబు లేదు. అడ్డు తగిలినట్లు దగ్గి, ప్రార్థన చేసి పండుకున్నాము. నిద్ర మాత్రము రాలేదు.

మరునాడు ఉదయము అతడు మమ్మును మోటారుసైకిలు మీద బస్సుకు తీసుకొని పోతూ, దారిలో హెచ్‌ఐసీసీ అను గొప్ప సభాభవనమును చూపించాడు. ఆటలోని ప్రపంచ సభ ఊహ మాత్రమే. ఈ భవనములో నిజమైన ప్రపంచ సభయే కూర్చున్నది. 2012 అక్టోబరు 8 నుండి 19 వరకు జీవవైవిధ్య ఒప్పందముపై 11వ ప్రపంచ సభ అక్కడ జరిగినది. చెట్టు, పురుగు, పక్షి, చేప, మన పాత విత్తనములు, వీటన్నిటిని కలిపి జీవవైవిధ్యము అంటారు. అప్పటికి ఆ ఒప్పందములో 193 పక్షములు సభ్యులు. అమెరికా దానిపై 1993లో సంతకము చేసినను నేటివరకు ఆమోదించలేదు. ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు హైదరాబాదు ప్రతిజ్ఞ పేరట మన దేశము తరఫున 5 కోట్ల డాలర్లు ప్రకటించారు. బీద దేశములలో ప్రకృతి రక్షణకు వెళ్లు సొమ్మును 2015 నాటికి రెండింతలు చేయవలెనని కూడ సభ తీర్మానించినది.

ఆ దేశములు అంతకుముందు 2010లో జపానులోని నగోయాలో 20 లక్ష్యములు పెట్టుకొని, 2020 లోగా సాధిస్తామని ఒప్పుకున్నవి. గడువు వచ్చినది. 2020 సెప్టెంబరులో ఆ ఒప్పందపు కార్యాలయమే వెలువరించిన నివేదిక ప్రకారము, ప్రపంచము మొత్తము మీద 20 లక్ష్యములలో ఒక్కటి కూడ పూర్తిగా నెరవేరలేదు. ఆరు మాత్రము కొంతవరకు నెరవేరినవి. 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో మరల కూర్చుండి, ఈసారి 2030 కొరకు 23 లక్ష్యములు వ్రాసుకున్నారు.

హైదరాబాదు సభ జ్ఞాపకముగా గచ్చిబౌలిలో ఒక పార్కు వెలసినది. దాని పేరట అక్కడి కూడలిని నేటికిని బయోడైవర్సిటీ అనియే పిలుస్తారు. పేరు నిలిచినది. అయితే అక్కడికి కొన్ని కిలోమీటర్లలోనే, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేలమీద చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కలుగజేసుకొని ఆపవలసి వచ్చినది.

అట్లయితే ప్రపంచ సభల తీర్మానములన్నీ వట్టి కాగితములేనా? అట్లనుట న్యాయము కాదు. పాఠశాలలో చదువుకొను పిల్లలు సెప్టెంబరు 16న ఓజోను దినము జరుపుకుంటారు. 1987లో ఆ దినమున మాంట్రియల్‌లోనే మరొక ఒప్పందముపై సంతకములు జరిగినవి. ఆకాశములోని ఓజోను పొరను చెరుపు వాయువులను ఆ రోజులలో ఫ్రిజ్‌లలో, ఏసీలలో వాడేవారు. వాటిని మానివేయవలెనని ఆ ఒప్పందము. ఏ వాయువును ఏ సంవత్సరమునకు ఎంత తగ్గించాలో అందులో తేదీలతో వ్రాశారు. బీద దేశములకు ఖర్చు ఎక్కడిదని ప్రశ్న వస్తే, 1990లో దానికొరకు ఒక నిధిని ఏర్పరచారు. ఆ తరువాత 1992లో మన దేశము కూడ చేరినది. ప్రతి దేశము ఎంత తగ్గించినదో ఏటేటా లెక్క చెప్పవలసి ఉన్నది. నేడు ఆ వాయువులలో నూటికి 99 వంతుల వరకు వాడుకలో నుండి పోయినవి. ఓజోను పొర మెల్లమెల్లగా కోలుకుంటున్నది.

రెండును ప్రపంచ సభలే. రెంటిలోను చదువుకున్న పెద్దలే కూర్చున్నారు. తేడా ఎక్కడున్నది? ఓజోను తీర్మానములో ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, డబ్బు ఎక్కడిది అను మూడు ప్రశ్నలకు జవాబున్నది. చేయనియెడల అడుగువారు కూడ ఉన్నారు. నగోయా లక్ష్యములకు గడువు ఉన్నది గాని, ఏ దేశము ఎంత చేయవలెనో గట్టిగా వ్రాసిలేదు. ఎవరికి తోచినంత వారు చేశారు.

నెహెమ్యా గ్రంథము చదివిన మన పాఠకులకు ఇది క్రొత్త సంగతి కాదు. 10వ అధ్యాయములో జనులందరు కూడి, విశ్రాంతి దినమున బేరములు చేయమని, మందిరమును విడిచిపెట్టమని వ్రాసి ముద్రలు వేశారు. నెహెమ్యా కొంతకాలము రాజునొద్దకు వెళ్లి తిరిగి వచ్చి చూస్తే, 13వ అధ్యాయములో, మందిరపు గది పరాయివాని సామానుతో నిండి ఉన్నది. భాగములు అందక లేవీయులు ఎవరి పొలమునకు వారు పోయారు. అప్పుడు ఆయన మరొక ఒడంబడిక వ్రాయించలేదు. పెద్దలను నిలదీసి అడిగాడు. నమ్మకస్థులైన షెలెమ్యాను, సాదోకును, పెదాయాను, హానానును పేరుపేరున ఏర్పరచి పంచిపెట్టు పని అప్పగించాడు. మనకు 10వ అధ్యాయమంటే ఇష్టము. 13వ అధ్యాయము దగ్గరకు వచ్చేసరికి మాత్రము పుస్తకము మూసివేస్తాము.

ఇంటికి వచ్చి మేము చేసిన మొదటి పని సంఘ కమిటీ మినిట్స్ పుస్తకము తెరచుట. ఆరేండ్ల క్రిందటి పేజీ దొరికినది. తండ్రిని పోగొట్టుకున్న ఆ బిడ్డ పదవ తరగతి ముగించు వరకు నెలకు 500 రూపాయలు ఇచ్చుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది అని ఉన్నది. క్రింద ఎనిమిది సంతకములు. అధ్యక్షుని చోట మాదే. ఏ పద్దులో నుండి ఇవ్వాలో వ్రాసిలేదు. ఎవరు తీసుకొని వెళ్లి ఇవ్వాలో వ్రాసిలేదు. రెండు నెలలు ఇచ్చాము. మూడవ నెలలో గుడి పైకప్పు మరమ్మతు వచ్చినది. ఆ తరువాత ఎవరికి వారు ఇంకొకరు ఇస్తున్నారనుకున్నారు. ఆ బిడ్డ తొమ్మిదవ తరగతితో బడి మాని మిరపకాయ కోతలకు వెళ్లినది. ఇప్పుడు కుట్టు మిషను మీద పని చేస్తున్నది.

తల్లి ప్రతి ఆదివారము గుడికి వస్తూనే ఉన్నది, అదే చోట కూర్చుంటున్నది. ఒక్కనాడైనా మమ్మును అడుగలేదు. మేము వారింటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నప్పుడు ఆమె కుర్చీ తెచ్చి వేసి, "పెద్దలకు ఎన్ని పనులుంటాయో అయ్యగారూ" అని మాత్రము అన్నది. మమ్మును తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

తరువాతి కమిటీలో క్రొత్త తీర్మానము ఏదియు చేయలేదు. గడచిన పదేండ్ల పేజీలు వరుసగా చదివాము. జరిగిన వాటికి టిక్కు పెట్టాము. జరుగని వాటి ప్రక్కన పేరు, తేదీ, పద్దు వ్రాశాము. కొన్నిటిని మేము చేయలేమని ఒప్పుకొని కొట్టివేశాము. ఆటలోవలె రద్దు చేయుట కూడ నిజాయితీయే. ఆ బిడ్డను ఓపెన్ స్కూలులో పదవ తరగతికి కట్టించుటకు కోశాధికారి గారి భార్య పూనుకున్నారు. ఫీజు మా వంతు. అమ్మాయి మొదట నమ్మలేదు. పుస్తకములు చేతికి వచ్చిన తరువాత, సాయంత్రము మిషను కట్టివేసి చదువుకుంటున్నది.

ప్రియ పాఠకులారా, మీ సంఘము, మీ పొదుపు సంఘము, మీ పంచాయతీ కూడ తీర్మానములు చేస్తూనే ఉంటవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ఊరి చెట్లు, విత్తనములు, పశువులు, మందు మొక్కల వివరములు ఒక రిజిస్టరులో వ్రాయాలి. మీ ఊరి కమిటీలో సభ్యులెవరో, ఆ రిజిస్టరు ఎక్కడున్నదో ఒకసారి పంచాయతీ కార్యదర్శి గారిని మర్యాదగా అడుగండి. మన తాతలనాటి కొర్రలు, జొన్నల రకములు మీకు తెలిసినంత వ్రాయించండి. హైదరాబాదు సభలో పెద్దలు మాట్లాడినది మీ చేనిగట్టు సంగతియే.

మా కుర్రవాడు మొన్న ఫోను చేశాడు. అతని ప్రతిపాదన ఈసారి ఓటింగు దాకా వెళ్లి ఓడిపోయినదట. మరల వ్రాస్తానన్నాడు. ఆ బిడ్డ చదువు సంగతి చెప్పాము. "పరీక్షలెప్పుడు అయ్యగారూ?" అని తేదీ అడిగి వ్రాసుకున్నాడు.

వచ్చే నెల మరల కలుసుకుందము.