సూరత్ బాంబులు, వార్తల లెక్కలు

2008 జూలై 26న అహ్మదాబాదులో జరిగిన వరుస ప్రేలుళ్లలో 56 మంది బలియైనారు. మరునాటినుండి సూరత్‌లో బాంబులు బయటపడసాగాయి. ప్రేలుడు సామగ్రి నింపిన కార్లు దొరికాయి. వరాఛా ప్రాంతంలో చెట్లకు, ప్రకటన పలకలకు కట్టినవి దొరికాయి. జూలై 29 ఒక్కనాడే 18. ఒక్కటీ ప్రేలలేదు.

ఇంతకూ మొత్తం ఎన్ని? ఆ దినాలలో పూటకొక లెక్క వినవచ్చింది. ఆనాడు దొరికినవి ఒకరు, అప్పటివరకు దొరికినవన్నీ ఇంకొకరు, కార్లను కలిపి ఒకరు, కలపక మరొకరు చెప్పినపుడు అంకెలు కలియకపోవడంలో వింత లేదు. విలేఖరి పోలీసు కట్టిన తాడుకు ఇవతలే నిలబడవలె. లోపలివాడు పని ముగిసేవరకు నోరు విప్పడు, విప్పరాదు కూడా. చివరకు దర్యాప్తులో తేలిన లెక్క 29.

అయితే ఈ నడుమ కాలానికి మూల్యం చెల్లించేది ఎవరు? లింబాయత్ ఇరుకు గదులలో కాపురముంటూ సాంచెలు నడిపే మన తెలంగాణ సోదరులు. వారిది మీటరు లెక్కన కూలి. సాంచె ఆగితే పొయ్యి ఆగుతుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినపుడు, తాగే నీటిలో విషం కలిపారన్న వదంతి కూడా తోడై, లక్షలాదిమంది సూరత్ విడిచి పారిపోయారు. రైలెక్కినవానికి వారాల కూలి పోయింది.

పోలీసులు చెప్పేదంతా కట్టుకథేనని వాదించే మిత్రులు మనలోనూ వున్నారు. వారితో మేము ఏకీభవించము. ఆ ప్రేలుళ్ల కేసులో 2022 ఫిబ్రవరిలో ప్రత్యేక న్యాయస్థానం 49 మందిని దోషులుగా నిర్ణయించింది. కాని అదే తీర్పు 28 మందిని నిర్దోషులని విడిచిపెట్టిన సంగతి ఎందరికి గుర్తున్నది? అదే సూరత్‌లో 2001 డిసెంబరులో ఒక సభకు వచ్చిన 127 మందిని నిషిద్ధ సంస్థవారని నిర్బంధించారు. వారు నిర్దోషులని న్యాయస్థానం చెప్పినది 2021 మార్చిలో! కొందరు ఆ మాట వినకుండానే కన్నుమూశారు. అరెస్టు వార్తకున్న అక్షరాల లావు విడుదల వార్తకు ఎన్నడూ వుండదు.

బొంబాయి దాడుల అనుభవం తరువాత, 2015లో ప్రభుత్వం ఇట్టి చర్యలు సాగుతుండగా టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారాన్ని నిషేధించింది. నియమిత అధికారి అప్పుడప్పుడు చెప్పేదే ప్రసారం చేయవలె. ప్రాణరక్షణ దృష్ట్యా ఇది సబబే. అయితే చెప్పే నోరు ఒక్కటైనపుడు సరిచూసుకొనే మార్గమూ మూసుకుపోతుంది. చర్య ముగిసిన పిదపనైనా లెక్కలన్నీ లిఖితపూర్వకంగా వెల్లడించవలెనని మేము కోరుతున్నాము.

శాఖా కార్యదర్శులకు ఒక మాట. ఇట్టి సమయాలలో నోటీసు బోర్డుపై వార్త వ్రాస్తే, ఎవరు చెప్పారో, ఏ గంటకు చెప్పారో కూడా వ్రాయండి. పట్టుబడినవారి పేర్లు, మతం, ఊరు వ్రాయకండి. మరునాడు లెక్క మారితే పాతదానిని చెరపవద్దు. దాని క్రిందనే కొత్తది వ్రాయండి. తనిఖీల పేరిట యజమాని షెడ్డు మూస్తే, ఆ ఉత్తర్వు ఎవరిచ్చారో కాగితంపై అడగండి. ఆ దినాల కూలిని ఆ వారపు లెక్కలోనే అడగండి.