కాటా చూసి ఆట ఆపుతారా?

పాఠశాల విద్యాశాఖ పెద్దలకు, మార్కాపురం నుంచి ఒక తల్లి రాస్తున్న లేఖ.

మొన్న ఇక్కడ ఒక బడిలో పిల్లల బరువులు తూచారు. లావుగా ఉన్నవాళ్లను కబడ్డీ, ఖోఖో జట్ల ఎంపికకే పిలవలేదు. ఆటల పీరియడ్‌లో వాళ్లను వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. సన్నగా ఉన్నవాళ్ల కార్డు మీద మాత్రం ‘ఫిట్’ అని రాసి పంపారు. అదే బడిలో ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అయ్యా, ఫిట్ అవునో కాదో కాటా ఒక్కటే తేలుస్తుందా? ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో తొమ్మిదేళ్లు నిండిన పిల్లలకు ఎత్తూ బరువుల లెక్కతో పాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, పుషప్‌లు కూడా ఉన్నాయి కదా. అవన్నీ ఎవరు చూశారు? ఒళ్లు బరువైన పిల్లకు 600 మీటర్ల దగ్గర ఆయాసం వస్తుంది, నిజమే. అదే పిల్ల షాట్‌పుట్ విసరడంలో, చేతి పట్టులో చాలాసార్లు ముందుంటుంది. రోజూ ఆడితే బరువు పెద్దగా తగ్గకపోయినా దమ్ము పెరుగుతుంది. ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే లేపి పక్కన కూర్చోబెట్టడం ఏం న్యాయం? బరువు ఆటకు అడ్డమైతే, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచేదా?

సన్నగా ఉన్న పిల్లల సంగతి మరీ అన్యాయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు, 29.6 శాతం మందికి తగ్గ బరువు లేదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు బడికొస్తున్నారు. కరువూ ఫ్లోరైడ్ నీళ్లూ వదలని ఈ మార్కాపురం ప్రాంతంలో బక్కపిల్లాణ్ణి చూసి ఫిట్ అని ఎట్లా రాస్తారు? వాడికి రక్తం ఎంతుందో ఎవరైనా అడిగారా?

పైగా, ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతున్నా మేడల మీద బడులు నడుస్తున్నాయి. పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్ మాయమవుతుంది. ఇవి మీకు తెలియనివా? ఎన్నిసార్లు చెప్పుకోవాలి?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా ఆ గంట దక్కేలా ఏదైనా చేయండి. ఒళ్లు చూసి ఏ బిడ్డనూ ఆటలోంచి లేపనివ్వకండి.