వార్నింగ్ ఎవరు చదువుతారు?

2017 డిసెంబర్, అమెరికాలోని వాండర్‌బిల్ట్ ఆసుపత్రి. నర్సు రాడొండా వాట్ మందుల మెషీన్‌లో 'వెర్సెడ్' కోసం 'వీ, ఈ' అని కొట్టింది. మెషీన్‌లో దాని పేరు మిడజోలామ్, అందుకే దొరకలేదు. ఓవర్‌రైడ్ నొక్కితే అవే అక్షరాలతో వెక్యురోనియం వచ్చింది. అది కండరాలు కదలకుండా చేసే మందు. పేషెంట్ ప్రాణం పోయింది. 2022లో కోర్టు ఆమెకి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది.

ఆమె వార్నింగ్స్ పట్టించుకోలేదు, నిజమే. కానీ అక్కడ ఓవర్‌రైడ్ రోజూ చేసే పనేనని నర్సింగ్ బోర్డుకి చెప్పింది. రోజూ కనిపించే వార్నింగ్ ఎవరు చదువుతారు? మనం కంపైలర్‌వి చదువుతున్నామా?

ఆమె తన తప్పు వెంటనే ఒప్పుకుంది. అలాంటివాళ్లని కోర్టుకి లాగితే రేపు ఇంకో నర్సు నోరు విప్పుతుందా? బగ్ చెప్పినవాడినే శిక్షిస్తే బగ్ అక్కడే ఉంటుంది. ఆ స్క్రీన్లు రేపు రాయబోయేది మనమే.