మంచును అమ్మినవారు మంచు పడిందని చేతులెత్తేస్తే ఎలా?



మా డోన్‌లో మళ్లీ హిమాచల్‌లోని మనాలి టూర్ల కరపత్రాలు కనబడుతున్నాయి. కరెంటు స్తంభాల మీద, టీ కొట్ల గోడల మీద, వాట్సాప్ గ్రూపుల్లో అన్నిచోట్లా అదే బొమ్మ. తెల్లటి కొండవాలు, దాని మీద స్కీలు కట్టుకుని జారుతున్న కుర్రాడు, కింద తలకు ఇంత అని ధర, ఫోన్ నంబరు. ఆ బొమ్మ చూసి 2024లో డబ్బు కట్టిన ఆరుగురిలో నేనొకణ్ణి. ఈసారి కట్టబోయేవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రైల్వే బుకింగ్ కౌంటర్ వెనక చాలా ఏళ్లు కూర్చుని రిటైరయినవాణ్ణి. తక్కిన ఐదుగురూ నాతో పదో తరగతి చదివినవాళ్లే. ఇద్దరు టీచర్లుగా చేశారు, ఒకడికి నాపరాయి పాలిష్ యూనిట్ ఉంది, ఒకడిది ఎరువుల దుకాణం, ఇంకొకడు కంది, ఆముదం వేసుకునే రైతు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ తప్ప మా సీమలో మంచన్నది ఎవరం ఎరగం. అరవై ఏళ్లొచ్చాక ఒక్కసారి ఆ మంచు మీద నిలబడాలని, కుదిరితే స్కీలు కట్టుకుని పదడుగులైనా జారాలని అందరికీ కోరిక. ఎన్నాళ్లుగానో అనుకుని, పిల్లల బాధ్యతలు తీరాక బయల్దేరాం.

2024 డిసెంబర్ 27న స్కీయింగ్ కోసం మనాలి నుంచి కొండ మీది సోలాంగ్‌కు వెళ్లాలి. పొద్దున్నే మా టెంపో డ్రైవరు, ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి, ఆకాశం కేసి చూసి ఈరోజు వద్దన్నాడు. మధ్యాహ్నం దాటితే కిందికి దిగడం కష్టమని చెప్పాడు. మేం టూర్ ఏజెన్సీకి ఫోన్ చేశాం. ప్రోగ్రాంలో స్కీయింగ్ ఈరోజే ఉంది, వెళ్లకపోతే ఆ డబ్బు పోయినట్టే, రోజు మార్చడం కుదరదు అన్నారు. మాలో మేం కాసేపు తర్జనభర్జన పడ్డాం. "పదప్పా పోదాం, కట్టిన దుడ్లు ఊరికే పోగొట్టుకుంటామా?" అన్నాడు మావాడొకడు. ఆ మాటతో అందరం బండెక్కాం. డ్రైవరు మరి మాట్లాడలేదు.

స్కీలు కట్టించుకుని అరగంట కూడా కాలేదు, మంచు మొదలైంది. ఆదోని జిన్నింగు మిల్లులో దూది ఎగిరినట్టు ముందు ఇక్కడొకటి అక్కడొకటి, కాసేపటికి నాలుగడుగుల అవతల మనిషి ఆనడం లేదు. తిరుగుదారిలో తారురోడ్డు నల్లగా తడిసినట్టే కనిపించింది. దిగి కాలు పెడితే అద్దం. మా ముందున్న కారు బ్రేకు వేసినా ఆగకుండా అడ్డం తిరిగి కొండవైపు గోడకు ఆనుకుంది. మా వెనక బండ్ల వరస కనుచూపు మేర. ఆ రోజు సోలాంగ్ నాలా దగ్గర సుమారు వెయ్యి వాహనాల్లో ఐదువేల మంది చిక్కుకున్నారని ఆ తర్వాత కులు పోలీసులు ప్రకటించారు.

మేం ఆ బండిలో ఏడు గంటలున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి పంచుకుని తిన్నాం. చలికి తట్టుకోలేక హీటర్ వెయ్యమంటే డ్రైవరు ప్రతిసారీ ముందు కిందికి దిగి, బండి వెనక్కి వెళ్లి, వంగి, పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచును చేతులతో తీసేవాడు. ఆ తర్వాతే వచ్చి ఇంజన్ స్టార్ట్ చేసేవాడు. పది నిమిషాలకు ఆపేసి, కిటికీ అద్దం కొంచెం దించేవాడు. వేళ్లు కొంకర్లు పోయి తాళంచెవి కూడా తిప్పలేకపోతున్నాడు. ఎందుకిలా చేస్తున్నాడో మాకప్పుడు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక మా టీచరు మిత్రుడు చెప్పాడు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ అనే కొండ ఊరికి మంచు చూడబోయినవాళ్లు ఇలాగే రోడ్డు మీద ఇరుక్కుపోయారు. కార్లలోనే కనీసం 22 మంది చనిపోయారు, వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి మళ్లి బండిలోకే వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మా ఆరుగురి ప్రాణాలూ ఆ రాత్రి ఆ డ్రైవరు చేతివేళ్ల మీద నిలిచాయి. చీకటి పడ్డాక పోలీసులు వచ్చి, మోకాళ్ల లోతు మంచులో నిలబడి, ఒక్కో బండినీ దారి మళ్లించి దింపారు. ఆ డ్రైవరుకూ ఆ పోలీసులకూ జీవితాంతం రుణపడి ఉంటాం.

ఇక ఏజెన్సీ సంగతి. కింది ఊళ్లకు బస్సులు సరిగా నడవక మనాలిలో ఇంకో రెండు రాత్రులు ఉండాల్సి వచ్చింది. సీజన్ ధర పెట్టి ఆ గదులకు మేమే కట్టాం. ఢిల్లీలో మా తిరుగు రైలు వెళ్లిపోయింది. అది రైల్వే తప్పు కాదు, మేమే అందుకోలేదు, ఆ నష్టం మాదే. కానీ అరగంటలో ముగిసిన స్కీయింగ్‌కూ, అసలు చూడని అటల్ టన్నెల్ అనే సొరంగం అవతలి ఊరికీ, తిరుగు ప్రయాణపు బస్సుకూ ముందే కట్టించుకున్న డబ్బు అడిగితే రసీదు వెనక చిన్నక్షరాల్లో ఇంగ్లిషులో ఉన్న ఒక లైను చూపించారు. ప్రకృతి వైపరీత్యాల వల్ల జరిగే మార్పులకు డబ్బు వాపసు ఉండదట.

నా అభ్యంతరం సరిగ్గా ఆ మాట మీదే. డిసెంబర్ నెలాఖరులో మనాలిలో మంచు కురవడం వైపరీత్యం ఎట్లా అవుతుంది? కరపత్రం మీద వాళ్లు అచ్చువేసి అమ్మిన సరుకే మంచు! మాకంటే నాలుగు రోజుల ముందు, 23న, సోలాంగ్‌కూ అటల్ టన్నెల్‌కూ మధ్య దాదాపు వెయ్యి వాహనాలు ఇలాగే నిలిచిపోయాయి. ఏటా ఆ దారిలో బస్సులు నడిపే సంస్థకు ఆ సంగతి తెలియదనుకోలేను. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ వల్ల ఆ కొండల్లో చలికాలపు మంచు పడుతుంది. మన కోస్తాకు తుపాను సంగతి చెప్పినట్టే, దాని రాకను కూడా వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతుంది. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. వాటిని చూసి కస్టమర్‌కు తెలుగులో ఒక మెసేజ్ పంపడానికి పైసా ఖర్చు కాదు.

మంచు అతిగా పడితే ఒక కష్టం, పడకపోతే ఇంకో కష్టం. 2024 జనవరిలో స్కీయింగ్‌కు పేరున్న గుల్‌మార్గ్ కొండలు మంచులేక ఎండుగడ్డితో కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక వాయిదా వేసి, మార్చిలో జరిపారు. దేశస్థాయి పోటీలకే తేదీ మార్చగలిగినప్పుడు ఆరుగురు ముసలివాళ్ల ప్రోగ్రాం ఒక్క రోజు వెనక్కి జరపలేరా?

నేను పనిచేసిన రైల్వేనే ఉదాహరణగా చెబుతాను. చలికాలంలో ఉత్తరాదిన పొగమంచు వల్ల రైళ్లు ఆలస్యమవుతాయి. మనం ఎక్కాల్సిన స్టేషన్లో రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకుని, రైలు బయల్దేరకముందే టీడీఆర్ అనే వాపసు దరఖాస్తు పెడితే టికెట్ డబ్బు మొత్తం తిరిగి వస్తుంది. రైలే రద్దయితే సరేసరి. పొగమంచు దేవుడి పని, మాకు సంబంధం లేదు అని కౌంటర్లో కూర్చుని నేను ఏ ప్రయాణికుడితోనూ అనలేదు, అనే హక్కు నాకు లేదు.

ఇది డబ్బుకోసం గొడవ అని కొందరికి అనిపించవచ్చు. ఆ పొద్దున ఫోన్లో "రేపు వెళ్లండి, డబ్బు ఎక్కడికీ పోదు" అని ఉంటే మేం కొండెక్కేవాళ్లమే కాదు. డబ్బు వాపసు లేదన్న ఆ ఒక్క షరతే మమ్మల్ని డ్రైవరు మాట కాదనేలా చేసింది. ఆ రోజు ఇరుక్కున్న ఐదువేల మందిలో ఇలా బయల్దేరినవాళ్లు ఎందరో అనుకుంటాను. హెచ్చరిక అందకపోతే ఏమవుతుందో మనం ముందే చూశాం. 2014 జూన్ 8న అదే హిమాచల్‌లో, బియాస్ నదిలో, ఎగువ డ్యాం నుంచి వదిలిన నీటికి హైదరాబాద్ నుంచి విహారానికి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ ఏటి గుణం పిల్లలకు తెలియదు, సమయానికి హెచ్చరించినవాళ్లు లేరు. కొండకు కొత్తగా వెళ్లేవాళ్లకు ముందు చెప్పే మనిషి ఉండాలి. ఆ మనిషి మాట వింటే నష్టపోకుండా కూడా ఉండాలి.

నష్టమంతా ఏజెన్సీయే మొయ్యాలని నేననను. హోటలుకు కట్టింది కట్టిందే. డ్రైవరు బండి వెనక్కి తిప్పుకొచ్చినా ఆ రోజు కూలి ఇవ్వాలి, మా డబ్బులోంచే ఇవ్వండి. జరగని స్కీయింగ్ రుసుము, నడవని బస్సు చార్జీ తిరిగి ఇవ్వాలి, లేదా మరో రోజు ఇవ్వాలి. దారి మూస్తే అదనపు రాత్రి గది ఎవరు భరిస్తారో ముందే తెలుగులో రాసివ్వాలి. వెళ్లాలా వద్దా అన్నదానిపై డ్రైవరు మాటే చివరి మాట కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఇలాంటి ఒప్పంద పత్రం ఒకటి తయారుచేసి, ఇక్కడ టూర్లు అమ్మే ప్రతి ఏజెన్సీ చేతా వాడించాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒకవైపే మొగ్గిన షరతులను అన్యాయమైన ఒప్పందం అని పేరుపెట్టి మరీ గుర్తించింది. కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా మనం ఉండేచోటే ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. సలహాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుంది. మేం కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాం. రసీదు, ఫోన్ కాల్ టైము, అదనపు గదుల బిల్లులు జాగ్రత్తగా దాచాం.

ఈ డిసెంబర్‌కు డబ్బు కట్టబోయేవారికి నా మనవి. కట్టేముందు వాళ్లను రెండే అడగండి. మంచు వల్ల దారి మూస్తే మా డబ్బు ఏమవుతుంది? మంచే పడకపోతే ఏమవుతుంది? జవాబు వాట్సాప్‌లో వచ్చినా చాలు, దాన్ని చెరపకుండా ఉంచుకోండి.

ఇట్లు,
రైల్వే విశ్రాంత ఉద్యోగి,
డోన్, నంద్యాల జిల్లా.