అన్నియు కలిసిన అద్దె

నగరమున ఇల్లు వెదకువాని చెవికి ఇంపైన మాట ఒకటి కలదు: "కరెంటు, నీళ్లు అన్నీ అద్దెలోనే." నెలకొక్కమారు ఒక మొత్తమిచ్చి నిశ్చింతగా నుండవచ్చునన్న ఆశ సహజమే. చదువుకై హైదరాబాదు వచ్చి మూడు నెలలుండి పోవు విద్యార్థికి ఇది సౌకర్యమే. కాని సంసారముతో ఏండ్ల తరబడి కాపురముండువాడు ఈ సౌకర్యమునకు తానిచ్చు వెల యెంతయో యోచింపవలసియున్నది.

విద్యుత్తు ధర అంగడిలో బియ్యపు ధరవంటిది కాదు. బియ్యము ఎక్కువ కొన్నచో బేరము తగ్గును. విద్యుత్తు ఎక్కువ వాడినచో ధర హెచ్చును. తెలంగాణమున 2022 ఏప్రిలులో అమలునకు వచ్చిన గృహవినియోగపు ధరలనే చూడుడు. ఒక మీటరుపై నెలకు 100 యూనిట్లు దాటనిచో మొదటి 50 యూనిట్లకు యూనిటు 1.95 రూపాయలు, తక్కినవానికి 3.10. అదే మీటరుపై 200 దాటినచో మొదటి 200 యూనిట్లకు సయితము 5.10 చొప్పున, ఆపై నూటికి 7.70, ఆ తరువాతి నూటికి 9 రూపాయల చొప్పున పడును.

నాలుగు వాటాల యింట ఒక్కొక్క కుటుంబము 90 యూనిట్లు వాడినదనుకొందము. నాలుగు మీటర్లున్నచో అందరికిని కలిసి 886 రూపాయలగును. ఒకే మీటరున్నచో ఆ 360 యూనిట్లకే 2,330 రూపాయలగును. స్థిర రుసుములు, సుంకములు చేర్చని లెక్క ఇది. ఒక్క దీపమైనను అదనముగా వెలుగలేదు. చవక ధర మాత్రము చేజారిపోయినది. 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకము 200 యూనిట్ల వరకు వాడు అర్హులకు, అద్దెకున్నవారికి సయితము, ఉచిత విద్యుత్తు నిచ్చుచున్నది. ఉమ్మడి మీటరు 200 దాటిన యింట ఆ మేలును అందదు.

ఇందుకు ఇంటి యజమానినే నిందించుట న్యాయము కాదు. మొత్తపు అద్దె కొప్పుకొన్న పిమ్మట అద్దెదారు వేసవిలో రేయింబవళ్లు ఏసీ నడిపినచో భారము యజమానిదే. అందుచే ఆయన తన భయమునకు ముందే వెలకట్టి అద్దెలో చేర్చును. ఫలితముగా మితముగా వాడువాడు అమితముగా వాడువాని దండుగ మోయును. ఇరువురకును లెక్క కనబడనందున ఇరువురి నడుమను అనుమానము పెరుగును.

మార్గము కష్టమైనది కాదు. కాపలావాని జీతము, మెట్ల దీపము, చెత్త రుసుము వంటి మారని ఖర్చులు అద్దెలో కలియవచ్చును. వాడుకనుబట్టి మారు విద్యుత్తును కొలిచియే వసూలు చేయవలెను. వీలైనచోట వాటా కొక మీటరు. వీలుకానిచోట సబ్‌మీటరు పెట్టి, అసలు బిల్లు చూపి, లాభము వేసికొనక పంచుకొనుట. ఈ షరతులన్నియు ఒప్పందపత్రమున వ్రాసికొనవలెను. తగవు వచ్చినను నీరు, విద్యుత్తు ఆపరాదని 2021 నాటి మాదిరి అద్దె చట్టము చెప్పుచున్నది. కాని అద్దెలో ఏమేమి కలిసినవో కాగితముపై లేనివాడు ఏ ఆధారముతో అడుగగలడు?

ఇల్లు చూడబోవువాడు గదులెన్నియని అడుగుటకు ముందు మీటర్లెన్నియని అడుగుట మేలు.