డ్రోనుకు తాళము

నిషిద్ధ గగనతలమును డ్రోను తనంతట గుర్తింపజాలదు. ఉపగ్రహ సంకేతములతో తానున్న చోటును తెలిసికొని, తనలోని పటముతో సరిచూచుకొనును. విమానాశ్రయముల దరి డీజేఐ సంస్థ డ్రోనులు అనుమతి లేనిదే పైకి లేవకుండెడివి. 2025 జనవరిలో ఆ సంస్థ అమెరికాలో ఈ తాళమును తొలగించి, తెరపై హెచ్చరికతో సరిపెట్టినది. బాధ్యత ఎగురవేయువానిదట! కొలది దినముల ముందే లాస్ ఏంజిలెస్‌లో కార్చిచ్చు నార్పుచున్న విమానపు రెక్కకు, నిషేధమును లెక్కచేయని యొక చిన్న డ్రోను రంధ్రము చేసినది.

మన 2021 నిబంధనల ప్రకారము అనుమతి లేనిదే విమానాశ్రయపు ప్రహరీకి 8 కిలోమీటర్లలోపు ఎగురవేయరాదు. 12 వరకు 200 అడుగులు దాటరాదు. శంషాబాదు ఫంక్షను హాలులో వలీమా చిత్రించు కుర్రవాడు ఈ కొలతలను జ్ఞాపకముంచుకొనునా? తాళము వలన సహాయక దళములకు ఆలస్యమగునని సంస్థ వాదము. వారికి ముందే తాళపుచెవి నీయవచ్చును; వేడుకల డ్రోనులకు మాత్రము తాళముండవలెననియే మేము కోరుచున్నాము.