గోరింకల గుంపు, గాలిమరలు, మన రెజ్యూమె

మార్చిలో కంబదూరు వైపు బస్సులో వెళ్తుంటే కరెంటు తీగల మీద బారులు తీరిన రోజీ స్టార్లింగులు కనబడతాయి. నల్ల తల, గులాబీ ఒళ్లు, మన గోరింకకు దగ్గరి చుట్టం. జొన్నచేలో గుంపు వాలిందంటే రైతు డబ్బా వాయించాల్సిందే. ఇవి మన ఊరివి కావు. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో పిల్లల్ని పెంచి, జులై, ఆగస్టు నుంచే ఇటు దిగుతాయి. ఏప్రిల్‌లో తిరిగి వెళ్లిపోతాయి.

కెరీర్ పేజీలో పక్షుల గోలేంటి అంటారా? వస్తున్నా, ఆగండి.

పిట్ట ఎక్కడికి పోతుందో తెలియాలంటే దానికో గుర్తు ఉండాలి. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సన్ అనే టీచర్ స్టార్లింగుల కాళ్లకు నంబరున్న అల్యూమినియం రింగులు తొడిగాడు. తర్వాత హెలిగోలాండ్, ఫెయిర్ ఐల్ లాంటి చిన్న దీవుల్లో, సముద్రం దాటి అలసి దిగే పక్షులకు రింగులు వేసే కేంద్రాలు వెలిశాయి. మన దేశంలో సలీం అలీ నేతృత్వంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో ఈ పని పెద్దఎత్తున చేపట్టింది. 2013లో నాగాలాండ్‌లో మూడు అముర్ డేగలకు ఐదేసి గ్రాముల శాటిలైట్ ట్యాగులు కట్టి ఆఫ్రికా దారిని పట్టుకున్నారు.

పని మాత్రం సినిమాలా ఉండదు. తెల్లవారకముందే సన్నటి వల కట్టాలి. చిక్కిన పిట్టను మెల్లగా తీసి రింగు వేసి, రెక్క కొలిచి, బరువు తూచి, నిమిషాల్లో వదిలేయాలి. అనుమతి, శిక్షణ లేకుండా చేస్తే 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. రింగు వేసిన పిట్టల్లో చాలావరకు మళ్లీ దొరకవు. దొరికిన ఆ ఒక్కదాని నంబరు తప్పు రాసుకుంటే అంతా గోవిందా. నా మొదటి ఉద్యోగంలో తేదీ, నెల తారుమారైన ఒక్క కాలమ్ వల్ల మూడు వారాల సెన్సర్ డేటా చెత్తబుట్టలో పడింది. నేర్పింది ఏ కోర్సూ కాదు, ఆ దెబ్బే.

ఇప్పుడు అసలు సంగతి. రామగిరి కొండల నుంచి బెళుగుప్ప దాకా మన ప్రాంతంలో గాలిమరలు లేచాయి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్ లేదు. అంటే మర నిలబెట్టే ముందు ఆ దారిన ఏ పిట్టలు పోతాయో లెక్కపెట్టాలని ఆ నోటిఫికేషన్ అడగదు. ఇది తప్పని నా అభిప్రాయం. గాలి కరెంటు కావాలి, నేను వ్యతిరేకిని కాను. కానీ లెక్కే లేకపోతే ఏ మరను పది అడుగులు పక్కకు జరపాలో, ఏ వారం ఆపాలో ఎవరికి తెలుస్తుంది?

ఉద్యోగాలు ఇక్కడే ఉన్నాయి, అయితే కొద్దిగానే. అప్పులిచ్చే అంతర్జాతీయ సంస్థలు పక్షుల సర్వే అడుగుతాయి కాబట్టి కన్సల్టెన్సీలు మనుషుల్ని తీసుకుంటాయి. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, కోయంబత్తూరులోని సలీం అలీ సెంటర్ ప్రాజెక్టు పోస్టులకు ప్రకటనలిస్తుంటాయి. ఎక్కువ శాతం కాంట్రాక్టే, సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకోకండి. కానీ ఆర్, పైథాన్, జీఐఎస్ తెలిసి, ఎండలో నడవగలిగేవాళ్లు అక్కడ తక్కువ. అందరం కట్టే అదే హౌసింగ్ ప్రైస్ ప్రాజెక్టు బదులు, ఈబర్డ్‌లో అనంతపురం జిల్లా రికార్డులు తీసి గాలిమరల మ్యాప్ మీద పరిచి చూడండి. ఖాళీలే ఎక్కువ కనిపిస్తాయి.

స్టార్లింగులు ఇంకో రెండు మూడు వారాలు ఉంటాయి. ఆదివారం ఆరింటికి నేను కంబదూరు చెరువుకట్ట మీద ఉంటా, నోట్‌బుక్కుతో.